మిగిలిన అయిదు వికలలు

జహీరాబాదు నుండి ఉత్తరముగా బయలుదేరి, ఎర్రమట్టి మెరకలను దాటుచు, బీదరు కోటను ఎడమచేతి వైపున విడిచి నారాయణఖేడ్ ప్రాంతమునకు పోయినచో దామరగిద్ద యను గ్రామము వచ్చును. సూటిగా కొలిచినచో దూరము సుమారు 40 కిలోమీటర్లు. అది జొన్న, కంది పండు మెట్టసీమ. అయినను 1830 లో లండను నగరమున అచ్చయిన ఒక శాస్త్రగ్రంథపు శీర్షికలోనే ఈ గ్రామపు అక్షాంశము, అనగా 18 డిగ్రీల 3 కలలు, చోటుచేసికొన్నది. భూమి ఆకారమును నిర్ణయించుటకై జరిగిన ఒక మహాప్రయత్నమునకు అది దక్షిణపు కొన.

నేడు మనము తుపాను వచ్చునా రాదా, వాన ఎంత కురియును, నదికి వరద ఎంత వచ్చును అను ప్రశ్నలకు గణనయంత్రములనుండి సమాధానములను పొందుచున్నాము. యంత్రము ప్రకృతిని అనుకరించి లెక్క చెప్పును. ఆ అనుకరణ ఎన్నడును సంపూర్ణము కాదు. సంపూర్ణము కాని లెక్కను నిజమైన కొలతలతో సరిచూచుకొనునప్పుడు, మిగిలిన తేడాను ఏమి చేయవలెను? ఈ ప్రశ్న యంత్రములతో పుట్టినది కాదు. మన దామరగిద్ద చరిత్రలో అది అప్పుడే తలయెత్తినది. ఆ కథనే శ్రోతలకు మనవి చేయదలచితిని.

విలియం లాంబ్టను అను సైనికోద్యోగి 1802 లో మద్రాసు దగ్గరి సెంట్ థామస్ మౌంటు వద్ద ఒక ఆధారరేఖను కొలిచి, దేశమును త్రిభుజములతో కొలుచు పనికి ఆరంభము చేసెను. ఆయన వాడిన ఉక్కు గొలుసు పొడవు 100 అడుగులు. ఒక్కొక్క లంకె రెండున్నర అడుగుల చొప్పున 40 లంకెలు. ఎండకు ఉక్కు సాగును గనుక, గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, ప్రక్కన ఉష్ణమాపకములను ఉంచి, వేడికి తగిన సవరణను లెక్కించెడివారు. 1811 లో అనంతపురము సీమలోని గుత్తి వద్దను, 1815 లో బీదరు ప్రాంతమున దామరగిద్ద వద్దను ఇట్లే ఆధారరేఖలు కొలువబడినవి.

పద్ధతి సులభముగానే బోధపడును. త్రిభుజమున ఒక భుజపు పొడవును, కోణములను తెలిసికొన్నచో తక్కిన భుజములను లెక్కకట్టవచ్చును. ఆ భుజముపై మరియొక త్రిభుజము, దానిపై వేరొకటి. ఇట్లు కొండ నుండి కొండకు, గోపురము నుండి గోపురమునకు గొలుసుకట్టుగా పోవుచు, నేలపై మరల గొలుసు పరువకయే వందల మైళ్ళను కొలువవచ్చును. నడుమ నడుమ మరియొక ఆధారరేఖను నేలపై కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో అది సరిపోవుచున్నదా యని పరీక్షింతురు.

అయితే ఈ లెక్కకు వెనుక ఒక ఊహ కలదు. భూమి నునుపైన గోళమనియు, నారింజపండువలె ధ్రువముల వద్ద కొద్దిగా నొక్కబడినదనియు ఆ ఊహ. ఇట్టి ఊహనే నేటి శాస్త్రజ్ఞులు నమూనా యందురు. ఆ నమూనాలో తెలియని సంఖ్యలు రెండు: భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధమెంత, ధ్రువముల వద్ద నొక్కు ఎంత. కొలతలకు సరిపోవునట్లు ఆ రెండు సంఖ్యలను ఎన్నుకొనుటయే క్రమాంకనము. కోమటి త్రాసును తెలిసిన రాయితో సరిచూచుకొనుట వంటిదే ఇదియు.

లాంబ్టను 1823 లో హింగన్‌ఘాట్ వద్ద విధినిర్వహణలోనే మరణించెను. 1818 నుండి ఆయనకు సహాయకుడుగా నున్న జార్జి ఎవరెస్టు ఆ భారమును వహించెను. దామరగిద్ద నుండి మాళవ దేశమున సిరోంజి సమీపమునందలి కల్యాణపురము వరకు, అనగా 24 డిగ్రీల 7 కలల అక్షాంశము వరకు జరిగిన కొలతయే 1830 నాటి గ్రంథమునకు విషయము. ఈ కొలతను ఇతర దేశపు కొలతతో కలిపి ఆయన నిర్ణయించిన భూమధ్యరేఖా వ్యాసార్ధము నేటి మానములలో 6,377,276 మీటర్లు; నొక్కు సుమారు 301 వ వంతు. ఆ గోళమునకు ఎవరెస్టు గోళమనియే పేరు వచ్చినది.

వారి శ్రద్ధ ఎట్టిదో ఒక్క ఉదాహరణము చాలును. 1841 లో ఆండ్రూ వా అను అధికారి, గొలుసుకు బదులు ఎండకు పొడవు మారని జంటలోహపు కడ్డీలతో బీదరు ఆధారరేఖను మరల కొలిచెను. దాని పొడవు సుమారు 8 మైళ్ళు. నాలుగు వందల మైళ్ళకు పైబడిన దూరమున సిరోంజి వద్ద కొలిచిన రేఖనుండి త్రిభుజముల ద్వారా లెక్కకట్టి తెచ్చిన పొడవునకును, నేలపై కొలిచిన పొడవునకును తేడా 4 అంగుళములకు కొంచెము పైగా మాత్రమే వచ్చినది! అడవులలో జ్వరములకోర్చి, రాత్రులందు దీపముల వెలుగుకై కాచుకొని పనిచేసిన మనుష్యుల చేతికొలత అంత నికరముగా నుండెను.

కాని ఉత్తరభాగమున చిక్కు వచ్చినది. కల్యాణపురమునకును, హిమాలయపర్వతములకు చేరువలో ముజఫర్‌నగరు ప్రాంతముననున్న కలియానా యను చోటికిని గల అక్షాంశభేదమును రెండు విధముల కనుగొనిరి. త్రిభుజముల వలన వచ్చినది 5 డిగ్రీల 23 కలల 42.294 వికలలు. నక్షత్రములను చూచి నిర్ణయించినది 5 డిగ్రీల 23 కలల 37.058 వికలలు. తేడా 5.236 వికలలు. కలలో అరువదవ వంతు వికల. నేలపై చూచినచో ఈ తేడా సుమారు 160 మీటర్లు. అంగుళములతో లెక్క సరిపోవు పనిలో 160 మీటర్లు ఎట్లు పొరబడగలవు?

ఎవరెస్టు దీనిని కొలతలలో క్రమముగా చేరిన దోషముగానెంచి, ఆ తేడాను గొలుసు పొడవునను పంచి సర్దెను. లెక్క కుదిరినది. పటము పూర్తియైనది. కాని ఒక ప్రశ్న మాత్రము నోరు మూయబడినది.

ఆ ప్రశ్నను మరల తెరచినవాడు కలకత్తాలో క్రైస్తవ మతాధికారియు, గణితశాస్త్రవేత్తయునైన జాన్ హెన్రీ ప్రాట్. నక్షత్రములను చూచువారికి నిలువు ఏదో తెలియవలెను. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూచుటకు వ్రేలాడదీయు గుండువంటిదే వారికిని ఆధారము. ప్రక్కన మహాపర్వతమున్నచో ఆ గుండును అది తనవైపునకు కొంచెము లాగును. నిలువు తప్పును, అక్షాంశము తప్పును. ప్రాట్ హిమాలయముల బరువును అంచనాకట్టి, ఆకర్షణను లెక్కించి 1855 లో ప్రకటించెను. ఆయన లెక్క ప్రకారము రావలసిన తేడా 15.885 వికలలు. నిజముగా వచ్చినది 5.236 మాత్రమే. కొండను లెక్కలో చేర్చగానే సమస్య తీరుననుకొన్నచో, అది మూడు రెట్లయి ఎదుట నిలిచినది!

ఇక్కడనే విజ్ఞానము ఒక మెట్టు పైకెక్కినది. అదే సంవత్సరమున జార్జి ఎయిరీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు, పర్వతములు బరువైన పదార్థముపై తేలియాడుచున్న దుంగలవంటివనియు, వాటి అడుగున తేలికపదార్థపు వ్రేళ్ళు లోతునకు దిగియున్నవనియు సూచించెను. పైన కనబడు కొండ లాగుదును. క్రింద కనబడని తేలికవ్రేరు ఆ లాగుడును చాలవరకు తీసివేయును. భూమి పైపొర తేలియాడు సమతౌల్యమును గురించిన సిద్ధాంతము ఇట్లు మొలకెత్తినది. పంచి సర్దివేసిన అయిదు వికలలలో భూగర్భరహస్యమొకటి దాగియుండినది.

ఈ కథనుండి మూడు విధములైన తేడాలను విడదీసి చూడవచ్చును. మొదటిది కొలతదోషము: గొలుసు సాగుట, కన్ను తప్పుట, గాలి ఆడుట. పలుమారు కొలిచి సగటు తీసినచో ఇందు చాలభాగము తగ్గును. రెండవది, నమూనాలోని సంఖ్యలు మనకు సరిగా తెలియకపోవుట. కొలతలు పెరిగినకొలది ఈ సంశయము సన్నగిల్లును. మూడవది నమూనాయొక్క లోటు: మన ఊహయే ప్రకృతికి పూర్తిగా సరిపోకుండుట. ఎన్ని వేలసార్లు కొలిచినను ఈ మూడవది తగ్గదు. పైగా దీనిని గుర్తింపనిచో, ఇది మెల్లగా పోయి రెండవదానిలో దూరి కూర్చుండును.

ఎవరెస్టు గోళమునకు పట్టిన గతియు ఇదియే. నేడు ఉపగ్రహముల సాయముతో నిర్ణయించిన భూమధ్యరేఖా వ్యాసార్ధము 6,378,137 మీటర్లు. ఎవరెస్టు సంఖ్య దీనికంటె 861 మీటర్లు తక్కువ. అంత నికరముగా కొలిచినవాని సంఖ్య అంత దూరముపోవుటకు ప్రధానకారణము చేతిపొరపాటు కాదు. భూమిలోపలి ద్రవ్యము హెచ్చుతగ్గులుగా పరచుకొనియుండుటచే మన దేశమున భూతలపు వంపు ఆ నునుపైన గోళమును అనుసరింపదు. ఆ లోటునంతయు రెండు సంఖ్యలే మోయవలసివచ్చినది. ఇందు వింత యేమనగా, ఆ గోళము భారతదేశపు పటములకు ఎంతయో చక్కగా సరిపోయి, నూటయేబది యేండ్లకు పైగా సేవ చేసినది. ప్రజోపయోగ పటములకు ప్రపంచ ప్రమాణమైన గోళమును మనవారు స్వీకరించినది 2005 నాటి విధానముతోనే. ఉన్నచోట పనిచేయు సంఖ్య వేరు, నిజమైన సంఖ్య వేరు అనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఈ సూక్ష్మము మన ఊరి చెరువుకట్టపై కూర్చుండి ఆలోచించినచో మరింత స్పష్టమగును. వేసవిలో చెరువు నీరు దినమునకు 9 మిల్లీమీటర్ల చొప్పున తగ్గుచున్నదనుకొందము. నీరు ఎండకే ఆవిరియగుచున్నదని మన నమూనా. ఆ లెక్కన, ఎండ ఇంతయున్నచో ఆవిరి ఇంత అను నిష్పత్తిని 9 కి సరిపోవునట్లు కట్టుకొందుము. కాని యథార్థమున ఆవిరియగునది 6, కట్ట అడుగున ఊటగా జారిపోవునది 3. ఊట మన నమూనాలో లేదు. కనుక దాని భారముకూడ ఆవిరి నెత్తిపైననే పడినది. ఆ నిష్పత్తి ఒకటిన్నర రెట్లయి కూర్చున్నది.

వేసవి యంతయు ఈ లెక్క ముచ్చటగా సరిపోవును. నూరు దినములు కొలిచినచో మన నమ్మకము మరింత గట్టిపడును. 9 కి అటు నిటు గల సంశయపు వెడల్పు సన్నగిల్లును. అసలు సంఖ్యయగు 6 ఆ వెడల్పునకు ఎంతో వెలుపల నుండును. ఇక చలికాలము వచ్చినది. నిజమైన ఆవిరి 3 కి తగ్గినది. ఊట మాత్రము 3 గానే యున్నది. నీరు దినమునకు 6 చొప్పున పోవుచుండ, మన లెక్క నాలుగున్నర యనియే చెప్పును. అరువది దినములలో 90 మిల్లీమీటర్ల లోటు. ఆ లెక్కను నమ్మి రెండవపంటకు నారుపోసిన రైతు గతి యేమి? చూచిన సంగతులకు సరిపోయినంత మాత్రమున, చూడని సంగతులకు లెక్క సరిపోవునని నమ్మరాదు.

దీనికి మందేమి? మొదట, మన నమూనాలో ఏదియో లోటు ఉండవచ్చునని లెక్కలోనే ఒక చోటు ఉంచవలెను. అప్పుడు ఆవిరి నిష్పత్తి ఒక్క సంఖ్యగాక, వెడల్పైన ఒక హద్దుగా వచ్చును. అది చూచుటకు అంత ముచ్చటగా నుండదు, కాని అబద్ధమాడదు. రెండవది, ఊటను ఆవిరినుండి విడదీయగల వేరొక సాక్ష్యమును తేవలెను. కట్టపై వెడల్పాటి పళ్ళెములో నీరు పోసి ఆరుబయట ఉంచినచో, ఊట లేని ఆవిరి యెంతయో విడిగా తెలియును. చెరువును వేయిసార్లు కొలుచుటకంటె పళ్ళెమును పదిసార్లు కొలుచుట మేలు.

ఇంతకు, కంప్యూటరు అను మాట పూర్వము యంత్రమునకు పేరు కాదు; ఉద్యోగికి పేరు. 1831 లో ఈ త్రిభుజముల సర్వేలో చేరి కీర్తి గడించిన రాధానాథ్ సిక్దార్ అట్టి కంప్యూటరే. మనుష్యులు నెలల తరబడి చేసిన లెక్కను ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున యంత్రములు క్షణములలో చేయజొచ్చినవి. గాలి, నీరు, నేల, అన్నిటికిని యంత్రములలో అనుకరణలు వెలసినవి. వేగము పెరిగినదేగాని పాతప్రశ్న మారలేదు.

ఈ శాస్త్రమునకు పునాదివేసిన వారిలో తెలుగువాడొకడు కలడు. 1920 లో హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945 లో ఒక గొప్ప ఫలితమును ప్రకటించిరి. పక్షపాతము లేని పద్ధతితో ఒక సంఖ్యను అంచనా వేయునపుడు, ఎంతటి నేర్పరి కైనను అంతకు తగ్గింపరాని సంశయము కొంత మిగులునని, దాని కనిష్ఠపు హద్దు ఇంతయని ఆయన చూపిరి. క్రామెర్–రావు హద్దు అని లోకమంతట ప్రసిద్ధి. 2023 లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును అందుకొని, ఆ యేటనే నూటరెండేండ్ల వయస్సున ఆయన పరమపదించిరి. అయితే ఒకటి గమనింపవలెను: ఆ హద్దు నమూనా నిజమైనదని ఒప్పుకొన్నపుడు చెప్పు హద్దు. నమూనాయే తప్పినచో సంశయము దానికంటె పెద్దది.

ఆ మిగిలిన సంశయమునకు లెక్కలో స్థానము కల్పించినవారు బ్రిటనుకు చెందిన మార్క్ కెన్నడీ, ఆంథొనీ ఓహేగన్ అను గణాంకశాస్త్రజ్ఞులు. 2001 లో వారు ప్రకటించిన వ్యాసపు సారమును ఒక్క వాక్యములో చెప్పవచ్చును: మనము చూచినది, యంత్రము చెప్పినదియు, నమూనా లోటును, కొలతదోషమును కలిసిన మొత్తము. లోటు ఎంతయో ముందుగా తెలియదు గనుక, దానిని సంభావ్యతలతో వర్ణించి, సంఖ్యలతోపాటు దానిని కూడ కొలతలనుండి నేర్చుకొనవలెనని వారి పద్ధతి. ఎవరెస్టు పంచివేసిన అయిదు వికలలకు లెక్కపుస్తకములో విడిగా ఒక పద్దు తెరచినట్లయినది.

పద్దు తెరచినంతమాత్రమున పని ముగియదు. అదే ఓహేగన్, జెన్నీ బ్రిన్యార్స్‌డాటిర్ అను విదుషితో కలిసి 2014 లో ఒక హెచ్చరిక చేసెను. లోటును గురించి మనకు ముందుగా ఏమియు తెలియనిచో, ఎంత భాగము సంఖ్యలకు చెందునో, ఎంత భాగము లోటునకు చెందునో యంత్రము విడదీయజాలదు. కట్టను ఎరిగినవాడే ఊటను గుర్తించును. ప్రాట్ లెక్కకు ఎయిరీ ఊహ తోడైనట్లే, గణితమునకు ఆ విషయమును ఎరిగినవారి అనుభవము తోడుకావలెను.

ఈ మాటలు పండితులకు మాత్రమే చెందినవి కావు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన తీరములను ముంచిన పిమ్మట, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున 2007 లో సునామీ హెచ్చరిక విభాగము వెలసినది. భూకంపము వచ్చిన తొలినిమిషములలో దాని లోతును, బలమును సరిగా తెలియవు. ముందే లెక్కించి యుంచిన అనుకరణల గుంపునుండి పోలికగల వాటిని వెదకుదురు. తుపాను దారిని ఒక్క గీతగా గాక, పోనుపోను వెడల్పగు శంఖాకారముగా వాతావరణశాఖవారు 2009 నుండి చూపుచున్నారు. ఆ వెడల్పు వారి అజ్ఞానమునకు గుర్తు కాదు, వారి నిజాయితీకి గుర్తు. నడిమి గీతపై మన ఊరు లేదని నిశ్చింతగా నిద్రించువాడు, పటములో వ్రాసిన సగము మాటనే చదివినవాడగును.

కనుక ఇకమీదట ఇంత వాన, ఇంత వరద యని ఒక్క సంఖ్య చెవినిబడినపుడు, దానికి అటు నిటు ఎంత యని అడుగుడు. ఆ వెడల్పును చెప్పినవారిని, అందులో నమూనా లోటునుకూడ లెక్కలోనికి తీసికొంటిరా యని అడుగుడు. సంశయమును కొలిచి చెప్పిన లెక్క, కొలువక దాచిన లెక్కకంటె రైతునకును, జాలరికిని మేలుచేయును.

దామరగిద్ద వద్ద గొలుసు పరచినవారు భూమిని కొలువబోయిరి. వారి చేతిపని సడలలేదు. వారి గోళము మాత్రము ప్రకృతికి చాలలేదు. చాలని ఆ కొంచెమును లోకము మరల చేతికెత్తుకొని పరీక్షించినపుడే కొండల వ్రేళ్ళు బయటపడినవి. లెక్కలో మిగిలినదానిని పారవేయక, దాని ప్రక్కన పేరు వ్రాసి ఉంచుట జహీరాబాదు సీమ పొలిమేరలో మొదలైన ఆ కొలత మనకు మిగిల్చిన పాఠము.